మూకుడు అడుగున మిగిలిన నూనె

నిన్న సాయంత్రం మా వీధి చివర పునుగులు తింటుంటే, బండి సర్దేస్తున్న బాబాయ్ మూకుడులో మిగిలిన నల్లటి నూనెని పక్కనున్న సైడు కాలవలోకి అలాగే ఒంపేశాడు. "అదేంటి బాబాయ్, అందులో పోస్తే ఎలా?" అంటే "మరి తాగమంటావా అమ్మా?" అని నవ్వాడు. నిజమే, ఆయనకి ఎవరు చెప్పారు గనక!

ఆ నూనె చల్లారాక పిండి మడ్డితో కలిసి డ్రైనేజీ గోడలకి గట్టిగా పేరుకుంటుంది, గట్టి వాన పడితే మురుగంతా రోడ్డెక్కుతుంది, అదే విజయవాడలో బందరు కాలవ దాకానో ఏలూరు కాలవ దాకానో చేరిందంటే నీళ్ల మీద పొరలా పరుచుకుని చేపలకి గాలి ఆడనివ్వదు. హోటళ్లయితే గ్రీజు ట్రాప్ (జిడ్డు డ్రైనేజీలోకి పోకుండా ఆపే తొట్టి) పెట్టుకోవాలి, అయితే దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేయకపోతే ఉన్నా లేనట్టే. బండికి అంత అక్కర్లేదు, మిగిలిన నూనె పోసి ఉంచడానికి పాత డబ్బా ఒకటి చాలు. వాడిన నూనెని సేకరించి బయోడీజిల్‌కి పంపాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే రూకో పేరుతో పథకం పెట్టింది. గిన్నెలు కడిగేముందు పాత పేపరుతో ఓసారి తుడిచినా జిడ్డు చాలావరకు కాలవలోకి పోదు.

ఇవాళ మూత ఉన్న ఖాళీ డబ్బా ఒకటి పట్టుకెళ్లి ఇచ్చా. తీసుకున్నాడు. అందులో అల్లం చట్నీ పోసుకుంటాడేమోనని నా టెన్షన్.