ఎర్రరాయి నుండి తెల్లరాయి దాకా: కనోస్సా కొండల చుట్టు నడక

ఉత్తర ఇటలీలో రెజ్జో ఎమీలియా నగరానికి నైరుతిగా, ఎంజా నది ఒడ్డున చానో దెంజా అనే ఊరు ఉంది. పో నది మైదానం ముగిసి అపెన్నైన్ కొండలు పైకి లేవడం మొదలయ్యేది ఆ ప్రాంతంలోనే. అక్కడి కనోస్సా కోట శిథిలాలను చూడవచ్చేవారిలో చాలామంది పైదాకా కారులో వెళ్ళి, గంటసేపు తిరిగి, వచ్చిన దారినే దిగిపోతారు. ఆ కోటను అలా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. కింది నుండి నడిచి ఎక్కినవారికే అక్కడ కోట ఎందుకు కట్టారో, ఒక రాజు దాని వాకిట ఎందుకు నిలబడవలసి వచ్చిందో అర్థమవుతుంది. మే నెలలో ఒక ఉదయం, ముందురోజు రాత్రి కురిసిన వాన ఇంకా ఆరకముందే, నేనూ మా అక్కా చానో నుండి బయలుదేరాము. రొస్సేనా మీదుగా కనోస్సా చేరి, బంకమట్టి గట్ల వెంట తిరిగి చానోకే దిగాలన్నది మా ఆలోచన.

దారి పొడవునా చెట్ల మీదా రాళ్ళ మీదా ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్బువారు వేసిన ఎరుపు తెలుపు గుర్తులు ఉంటాయి. మొదటి ఎక్కుడు ఓక్ అడవిలో సాగి, కాంపొత్రేరా అనే రక్షిత ప్రాంతానికి చేరుస్తుంది. అక్కడ రాతి రంగు ఉన్నట్టుండి మారుతుంది. అంతవరకూ బూడిదరంగు మట్టి మీద నడిచినవారికి తుప్పు పట్టిన ఇనుమును తలపించే ఎర్రటి రాయి ఎదురవుతుంది. భూవిజ్ఞానం చదివిన మా అక్క ఒక బండ ముందు ఆగి, "దగ్గరగా చూడు, దిండ్లు పేర్చినట్టు లేదూ? నువ్వు నిలబడింది సముద్రం అడుగు మీద" అంది.

ఆ మాట అక్షరాలా నిజం. సుమారు 16 కోట్ల సంవత్సరాల క్రితం, జురాసిక్ కాలంలో, ఐరోపా ఖండానికీ ఇటలీ నేలకు మూలమైన భూఫలకానికీ మధ్య ఒక సముద్రం విచ్చుకుంది. దాని అడుగున ఎగజిమ్మిన లావా చల్లని నీరు తగలగానే పైపొర గట్టిపడి గుండ్రటి ముద్దలుగా పేరుకుపోయింది. తరువాత ఆ సముద్రం మూసుకుపోతున్నప్పుడు అడుగుభాగం చాలావరకు భూగర్భంలోకి జారిపోగా, విరిగిన ముక్కలు కొన్ని బంకమట్టి రాశుల్లో చిక్కుకుని, వాటితోపాటే మడతలు పడుతూ కొండలుగా పైకి లేచాయి. ఇలాంటి శిలలకు ఓఫియోలైట్ అని పేరు. వాటిలో కొన్ని పాము చర్మంలా మెరుస్తాయి కనుక గ్రీకు భాషలో పాము అనే మాట నుండి ఆ పేరు వచ్చింది. కాంపొత్రేరా రాతి పగుళ్ళలో దాతొలైట్ అనే ఖనిజం స్ఫటికాలుగా దొరకడం ఖనిజశాస్త్రం తెలిసినవారిలో ప్రసిద్ధం. చూసి ఆనందించవలసిందే తప్ప, అక్కడ దేనినీ పెకలించకూడదు.

చుట్టూ ఉన్న బంకమట్టిని వానలు కోసుకుపోతే, కోతకు లొంగని ఈ గట్టిరాయి ఒంటరి శిఖరంగా మిగులుతుంది. మధ్యయుగాల కోటకు అంతకంటే మంచి పునాది ఏముంటుంది? రొస్సేనా కోట అలాంటి ఎర్రరాతి మీదే, నేటికీ చెక్కుచెదరని గోడలతో నిలిచి ఉంది. కొద్ది దూరంలో మరో రాతి కొమ్ము మీద రొస్సెనెల్లా కావలి బురుజు ఉంది. దాని పాదం దగ్గర నిలబడి చూస్తే ఒకవైపు ఎంజా లోయ, మరోవైపు కనోస్సా తెల్లరాయి, వాటి నడుమ పచ్చదనం లేని బూడిదరంగు లోయలు కనిపిస్తాయి. లోయలో కదిలే ప్రతి మనిషినీ ఇక్కడి నుండి కనిపెట్టవచ్చు.

కనోస్సా కోట నిలిచిన రాయి ఎర్ర ఓఫియోలైట్ కాదు, లేతరంగు ఇసుకరాయి. 940 ప్రాంతంలో అదాల్బెర్తో అత్తో అనే ప్రభువు దాని మీద కోట కట్టాడు. ఇటలీ సింహాసనాన్ని చేజిక్కించుకున్న బెరెంగారియో చెర నుండి తప్పించుకున్న ఇటలీ రాణి అడిలైడ్‌కు ఆశ్రయమిచ్చింది ఈ కోటే. అత్తో వంశంలో పుట్టిన మతిల్దా అనే పాలకురాలి కాలానికి అపెన్నైన్ పర్వతాలకు రెండువైపులా వారి అధికారం వ్యాపించింది.

1076లో పోప్ ఏడవ గ్రెగరీ జర్మన్ రాజు నాలుగవ హెన్రీని మతం నుండి వెలివేశాడు. బిషప్పులను నియమించే హక్కు రాజుదా, పోపుదా అన్నదే వారి తగవుకు మూలం. వెలిపడిన రాజుకు విధేయులమై ఉండనక్కరలేదని జర్మన్ ప్రభువులు తిరగబడడంతో, హెన్రీ నడిచలికాలంలో భార్యనూ పసిబిడ్డనూ వెంటబెట్టుకుని ఆల్ప్స్ దాటి వచ్చాడు. అప్పటికి గ్రెగరీ మతిల్దా ఆశ్రయంలో కనోస్సాలో ఉన్నాడు. 1077 జనవరి చివరివారంలో మూడు రోజులపాటు హెన్రీ రాజచిహ్నాలు విడిచి, ఉన్ని వస్త్రంతో, చెప్పులు లేకుండా కోట వాకిట నిలబడ్డాడని జర్మన్ ప్రభువులకు రాసిన లేఖలో గ్రెగరీయే చెప్పాడు. మతిల్దా, క్లూనీ మఠాధిపతి హ్యూ కల్పించుకున్న తరువాత 28వ తేదీన క్షమాపణ లభించింది.

ఈ కథను అవమానానికి గుర్తుగా చెప్పుకోవడం పరిపాటి. నాకు మాత్రం ఆ ఎక్కుడు ఎక్కి ఆయాసపడుతూ రాతి కింద నిలబడినప్పుడు హెన్రీ పట్టుదలే ఎక్కువగా కనిపించింది. మే నెల ఎండలోనే కాళ్ళు లాగే ఆ కొండల్లో, మంచులో, చెప్పులు లేని పాదాలతో మూడు రోజులు నిలబడడం ఓడినవాడి పని అనిపించలేదు. అక్కడి నుండి అతడు సాధించుకోవలసింది సాధించుకునే వెళ్ళాడు. 1092లో ఇదే కోట మీదికి సైన్యంతో వచ్చినప్పుడు మాత్రం మతిల్దా బలగాలు అతడిని తిప్పికొట్టాయి.

ఆ కోటలో ఇప్పుడు మిగిలింది చాలా తక్కువ. 1255లో రెజ్జో పట్టణంవారు దానిని ధ్వంసం చేశారు. ఆ తరువాతి విధ్వంసంలో రాతికీ భాగముంది. ఇసుకరాయి అంచులు తరచుగా విరిగిపడడం వల్ల కోట నేలలో కొంత భాగం లోయలోకి జారిపోయింది. మిగిలిన గోడల మధ్య నిలబడి ఎదురుగా ఉన్న రొస్సేనాను చూస్తే, రాయి ఎంచుకోవడంలోని తేడా కళ్ళకు కడుతుంది.

నడకలో కష్టమైన భాగం ఆ తరువాత మొదలైంది. ఇటాలియన్లు కలాంకి అని పిలిచే ఈ బంకమట్టి లోయల్లో నీరు నేలలోకి ఇంకదు. పడిన ప్రతి వానా పైపైనే పారుతూ మట్టిని కోస్తుంది కనుక కత్తివాదర వంటి గట్లు, వాటి మధ్య లోతైన చాళ్ళు ఏర్పడతాయి. ఎండ తగిలే వాలులు బోడిగా, నిటారుగా ఉంటాయి. నీడవైపు వాలుల మీద గడ్డీ, పసుపు పూల జినెస్త్రా పొదలూ పట్టుకుని ఉంటాయి. బాట అలాంటి గట్టు నెత్తిమీదుగా పోతుంది. రాత్రి వానకు తడిసిన మట్టి బూట్లకు ఎంత దట్టంగా అంటుకుందంటే, పది అడుగులకొకసారి ఆగి కర్రతో గీకవలసి వచ్చింది. ఒకచోట నా కాలు జారి, పక్క చాలులోకి రెండు మూడు మీటర్లు దొర్లిపోయాను. అక్క తన చేతికర్ర అందించి పైకి లాగింది. వాన పడిన మర్నాడు ఈ భాగానికి రాకూడదని అప్పుడు తెలుసుకున్నాను. వచ్చేవారు రెండు మూడు రోజులు ఎండ కాసిన తరువాతే రావాలి, చేతికర్ర తప్పక తెచ్చుకోవాలి. దారిలో నీరు దొరుకుతుందని నమ్ముకోకుండా రోజుకు సరిపడా వెంట తీసుకోవాలి.

ఉదయం ఎనిమిదికి బయలుదేరినవాళ్ళం చానో చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఎంజా ఒడ్డున కూర్చుని బూట్లు కడిగాము కాని మట్టి వదలలేదు. మర్నాడు ఎండలో పూర్తిగా ఆరిన తరువాత, రెండు బూట్లనూ ఒకదానితో ఒకటి కొడితే పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది.