రెండేళ్లు ఉత్త పూత, ఈ ఏడు పిందె: మా పెరట్లో పాపా చెట్లు

ఇది బొప్పాయి కాదు. కొన్ని దేశాల్లో బొప్పాయిని కూడా పాపా అనే అంటారు, అందుకే ముందే చెప్పేస్తున్నా. ఇది అమెరికా తూర్పు వైపు అడవుల్లో, వాగుల వెంట నీడలో పెరిగే చెట్టు. మన సీతాఫలం కుటుంబమే, కాకపోతే మంచు పడే చోట కాపురం పెట్టింది. మేముండే ఒహాయోలో 2009లో దీన్ని రాష్ట్ర స్థానిక ఫలంగా ప్రకటించారు. అయినా సూపర్ మార్కెట్లో కనిపించదు. పండితే రెండు మూడు రోజులు కూడా ఆగదు మరి. తినాలంటే పెంచుకోవాలి.

2020 వసంతంలో రెండు అంటు మొక్కలు పెట్టాను, షెనాండోవా ఒకటి, సస్క్వహానా ఒకటి. రెండూ నదుల పేర్లు. ఈ రకాలను తెచ్చిన నీల్ పీటర్సన్ నదుల పేర్లే పెట్టుకుంటూ పోయాడు. మధ్యలో ఎనిమిదడుగుల దూరం వదిలాను. తల్లివేరు లోతుకు దిగే రకం కాబట్టి కుండీలోంచి తీసేటప్పుడు మట్టిముద్ద విడిపోకుండా చూసుకోవాలి. వేరు కదిలిందంటే ఏడాది పాటు అలిగి కూర్చుంటుంది. మొదటి రెండు వేసవులూ నీడగుడ్డ కట్టాను. లేత మొక్కకు ఎండ పడదు. పెద్దదయ్యాక మాత్రం ఎండ ఎంత తగిలితే అంత కాపు.

రెండో చలికాలం దాటాక సస్క్వహానా చిగురించలేదు. గోటితో గీకి చూస్తే బెరడు కింద పచ్చదనమే లేదు. కింద నుంచి ఒక పిలక వచ్చింది గానీ అది అంటు కింది వేరుమొక్కది, నేను కొన్న రకం కాదు. తీసేసి కొత్తది పెట్టాను. అలా ఆ చెట్టు రెండేళ్లు వెనకబడింది.

ఈలోపు షెనాండోవా 2023లోనే పూసింది. నలభై పూలు, ఒక్క పిందె లేదు. 2024లో ఇంకా ఎక్కువ పూలు, మళ్లీ సున్నా. పాపాకు చాలావరకు తన పుప్పొడి తనకు పనికిరాదు, వేరే రకం చెట్టు నుంచి రావాలి. పైగా తేనెటీగలు దీని జోలికి రావు. పువ్వు ముదురు మాంసం రంగులో ఉండి, కాస్త పులిసిన వాసన వేస్తుంది. ఈగలూ చిన్న పెంకు పురుగులే దిక్కు. ఈగల కోసం చెట్టుకు మాంసం ముక్కలు వేలాడదీసేవాళ్లున్నారని విని, నేను రొయ్యల పొట్టు సంచిలో కట్టాను. ఈగల కంటే ముందు రాత్రికి రకూన్ వచ్చింది, ఇక్కడ రాత్రిళ్లు తిండి కోసం పెరళ్లలో తిరిగే జంతువు. సంచితో పాటు ఒక కొమ్మ కూడా పోయింది. ఇంట్లో నాకు పడ్డ చీవాట్లు వేరే సంగతి.

ఈ ఏడు సస్క్వహానా కూడా పూసింది. ఇక బ్రష్ పట్టాను.

ఏప్రిల్ 22. ఆకులు ఇంకా రాలేదు, ఉత్త కొమ్మలకు పూలు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒకే పువ్వు ముందు ఆడ, తర్వాత మగ. రేకులు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరుగుతున్నప్పుడు లోపల చూస్తే, గుండ్రటి బంతి మధ్యలోంచి పచ్చటి కొనలు మెరుస్తూ, జిగటగా కనిపిస్తాయి. అది ఆడ దశ. కొన్ని రోజులకు రేకులు ముదురు రంగుకు వచ్చి వదులవుతాయి. బంతి గోధుమ రంగులోకి మారి, వేలితో తాకితే పొడి రాలుతుంది. అది మగ దశ. బంతి గట్టిగా, పచ్చగా ఉంటే దాన్ని వదిలేయండి, పుప్పొడి ఇంకా తయారు కాలేదు.

ఏప్రిల్ 25. షెనాండోవా మగ పూల కింద చిన్న స్టీలు గిన్నె పట్టి వేలితో తట్టాను. చిటికెడు పొడి వచ్చింది. పిల్లల వాటర్‌కలర్ బ్రష్‌తో దాన్ని తీసుకెళ్లి సస్క్వహానా ఆడ పూల కొనలకు అద్దాను. తర్వాత ఇటు పొడి అటు. ఏ రోజు పొడి ఆ రోజే వాడాను. అద్దిన ప్రతి పువ్వు కాడకూ పూజగదిలోని పసుపు దారం కట్టాను. వారంలో మొత్తం 34 పూలు. మధ్యలో ఒక రాత్రి మంచు అన్నారు. చెట్లు ఇంకా నా ఎత్తే కాబట్టి దుప్పట్లు కప్పేశాను.

మే 18. దారం కట్టిన 34లో 19 నిలిచాయి. కట్టని పూలు అరవై దాకా ఉంటే వాటిలో రెండే. ఒక్కో పువ్వులో అండాశయాలు చాలా ఉంటాయి కాబట్టి ఒకే కాడకు మూడు నాలుగు పిందెలు, బుల్లి అరటి అత్తంలా. అమ్మ అప్పుడే మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఆకు నలిపి వాసన చూసి, "ఏందిరా, కిరసనాయిల్ వాసనొస్తుంది! దీన్ని తింటరా?" అంది.

జూన్ చివర. కొన్ని వాటంతటవే రాలాయి. మిగిలిన అత్తాల్లో రెండేసి ఉంచి తక్కినవి నేనే తుంచాను. మనసొప్పలేదు గానీ సన్నటి కొమ్మలు అంత బరువు మోయలేవు. చివరికి 23 కాయలు.

సెప్టెంబర్ 14. రంగు చూసి పండిందని చెప్పలేం. రోజూ అరచేత్తో మెల్లగా నొక్కి చూడాలి, మెత్తబడితే కొద్దిగా తిప్పగానే చేతికి వస్తుంది. కింద గడ్డి పరిచాను. రకూన్ వాటా ఐదు. తొక్కా గింజలూ తినకూడదు, గుజ్జు కూడా కొందరికి కడుపులో తిప్పుతుంది. అందుకని మొదటిసారి తలా రెండు చెంచాలే పెట్టాను.

అమ్మ చెంచా నాకి కాసేపు ఆలోచించింది. "వాసన మామిడిపండుది, తింటే అరటిపండు, గింజలేమో సీతాఫలం గింజలకు అన్నల లెక్కున్నయ్. మంచిగనే ఉంది. కానీ మన బాలానగర్ సీతాఫలం ముంగట ఇదేపాటిరా?" అంటూనే రెండో పండు కోసింది.

గింజలు ఎండితే మొలవవు. కడిగి, తడి నాచులో చుట్టి, జిప్ కవర్లో ఫ్రిజ్ కూరగాయల అరలో పెట్టాను. మూడు నాలుగు నెలల చలి చూశాకే మొలుస్తాయి. చిక్కుడు గింజలనుకుని ఎవరైనా కూరలో వేసేస్తారేమోనని కవరు మీద పెద్దక్షరాలతో రాశాను: "పాపా. వండొద్దు."