ఆఖర్న తినే అలవాటు మాన్పించాకే నా షుగర్ దిగింది

మామయ్యగారికి షుగర్ వచ్చినప్పుడు ఇల్లంతా ఆయన చుట్టూ తిరిగాం. రాత్రిళ్లు విడిగా జొన్నరొట్టె, టైముకి మాత్ర, అన్నీ నేనే చూసుకున్నా. నాకొచ్చేసరికి మాత్రం "అన్నం తగ్గించు" అని తలో మాటా అనేసి ఊరుకున్నారు. వండేదీ నేనే, అందరికీ వడ్డించి ఆఖర్న మిగిలింది తినేదీ నేనే అయితే ఏం తగ్గుతుంది? చాలా ఇళ్లలో ఆడవాళ్ల షుగర్ సంగతి ఇంతే.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) నాకు 9.1 శాతం వచ్చింది. ఈ పరీక్షకి ముందు రెండు రోజులు పస్తుంటే లాభం లేదు. రక్తంలోని షుగర్ ఎర్ర రక్తకణాలకి అంటుకుంటుంది, అవి 120 రోజుల దాకా బతుకుతాయి కాబట్టి, పాత లెక్కంతా బయటపడుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌కి తోడు గ్లిమెపిరైడ్ అనే ఇంకో మాత్ర రాశారు. అది వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు, షుగర్ మరీ పడిపోతుంది.

ఓ ఆదివారం చుట్టాలొచ్చారు. మాత్ర వేసుకుని వడ్డనలో పడ్డా. సాంబారు గరిట పట్టుకున్న చెయ్యి వణికింది, ఒళ్లంతా చెమటలు. అమ్మాయి మీటరు తెచ్చి చూస్తే షుగర్ 62కి పడిపోయింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూసింది, 94. అప్పుడు నాకు కంచం పెట్టి కూర్చోబెట్టి, మిగతా వడ్డన వాళ్ల నాన్న చేతికిచ్చింది.

ఆ తర్వాత మా ఆయన కూడా డాక్టరు దగ్గరికి వచ్చారు. నేను వంద సార్లు చెప్పినా ఎక్కనిది, డాక్టరుగారు ఒక్కసారి చెబితే ఎక్కింది! ఇప్పుడు అందరికీ ఒకటే వంట. కంచంలో సగం కూర, ఓ పావు పప్పో గుడ్డో, అన్నం ఓ కప్పు. రాత్రి భోంచేశాక ఇద్దరం వీధి చివరిదాకా నడిచొస్తాం.

కొన్నాళ్లు ఆయన పోలీసు అవతారం ఎత్తారు. పెళ్లిలో నలుగురి ముందూ "ఆ లడ్డు ముట్టుకోకు" అన్నారు. ఇంటికొచ్చాక గట్టిగానే చెప్పా, నా కంచంలోకి తొంగి చూడొద్దు, నాతో పాటు టైముకి తినండి చాలు అని.

మొన్నటి రిపోర్టులో మూడు నెలల షుగర్ 7.4. ఏడు లోపు రావాలట. అత్తయ్యగారికి మాత్రం పెరుగన్నం లేనిదే భోజనం కాదు, నన్నూ వదలరు. అందుకే కప్పు అన్నంలోంచే రెండు ముద్దలు పెరుగుకి ఉంచుకుంటున్నా.