హుగ్లీ ఒడ్డున రెండు ఫోటో కెమెరాలు

కలకత్తా వెళ్ళేముందు మంచి వీడియో కెమెరా ఒకటి అద్దెకు తీసుకుందామని మా బావమరిది పట్టుబట్టాడు. ఇంట్లో రెండు ఫోటో కెమెరాలు ఉండగా ఆ డబ్బు దండగన్నాను. నాది 2010లో కొన్న డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే, లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా. అతనిది చొక్కా జేబులో పట్టేంత చిన్నది. రెండూ వీడియో తీస్తాయి. 2008లో నికాన్ డీ90, దాని వెనకే కేనన్ 5డీ మార్క్ 2 వచ్చేదాకా డీఎస్ఎల్ఆర్ అంటే ఫోటోలకే. నాది ఆ తర్వాత పుట్టిందే అయినా, దాని వీడియో మీటను నేను నొక్కింది పట్టుమని పదిసార్లు కూడా ఉండదు.

జనవరి రెండో వారంలో ఒక రాత్రి విజయవాడలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాడు సాయంత్రం హౌరాలో దిగాం. అప్పటికే చీకటి. మన దగ్గర ఆరు దాకా సాగే వెలుతురు అక్కడ ఐదు దాటగానే మూట కట్టేసుకుంటుంది. అందుకని మర్నాడు తెల్లవారకముందే హౌరా వంతెన కిందున్న మల్లిక్ ఘాట్ పూల బజారుకు చేరుకున్నాం.

కడియం పూల మార్కెట్ చూసిన కళ్ళకు కూడా అది వేరే లోకం. బంతిపూల దండలు గుత్తులు గుత్తులుగా, తాళ్ళ చుట్టల్లా పడి ఉన్నాయి. ఒక్కో కూలీ నెత్తిమీద మనిషిని మించిన బుట్ట. కాళ్ళ కింద నలిగిన రేకులు, బురద, తడి. దారికి అడ్డంగా కెమెరాతో నిలబడ్డ మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు కానీ, వెనకనుంచి ఒక అరుపు వచ్చేది, అంతలోనే భుజానికి బుట్ట తగిలేది.

మంచులో పావుగంట సేపు అంతా బాగానే సాగింది. సూర్యుడు కాస్త పైకి రాగానే నా తిప్పలు మొదలయ్యాయి. వెలుగు ఎక్కువైనప్పుడు ఫోటోకైతే షట్టర్ వేగం పెంచేస్తే, అంటే లోపలి తెరను ఇంకా తక్కువసేపు తెరిస్తే సరిపోతుంది. వీడియోకు సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు తీస్తున్నప్పుడు షట్టర్ సెకనులో యాభయ్యో వంతు దగ్గర ఉంటేనే కదలిక సహజంగా కనిపిస్తుంది. వేగం పెంచితే మనుషులు గెంతుతున్నట్టుంటారు. వెలుగు తగ్గించే నల్లద్దం మా దగ్గర లేదు. లెన్సు రంధ్రాన్ని మూయగలిగినంత మూశాను. అప్పుడు లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద ఇన్నేళ్ళుగా పేరుకున్న దుమ్మంతా ఆకాశంలో కాకుల గుంపులా ప్రత్యక్షమైంది. బావమరిది తన చలువ కళ్ళద్దాలు తీసి లెన్సు ముందు పట్టాడు. రంధ్రం మళ్ళీ తెరవగానే దుమ్ము మాయమైంది, బంతిపూలు ఇటుక రంగుకు తిరిగాయి.

"బావా, ఇలాగే ఉంచెయ్, పాత సినిమాలా ఉంది" అన్నాడు. అతన్ని వంతెన మీదికి తీసుకుపోయాను.

1943లో వాడుకలోకి వచ్చిన ఆ వంతెనలో నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. హుగ్లీ నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. అంత బరువు గాలిలో ఎలా నిలిచిందో ఫోటోలో చూపడానికి నాకు చేతకాలేదు. వీడియోలో చూపిద్దామని కెమెరాను ఆ చివరనుంచి ఈ చివరకు గబగబా తిప్పాను. తెరమీద చూసుకుంటే నిటారైన ఉక్కు దూలాలన్నీ తుపాను గాలికి కొబ్బరిచెట్లలా ఒక పక్కకు ఒరిగాయి. ఈ సెన్సర్లు బొమ్మను ఒక్కసారిగా పట్టవు, పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతాయి. చదివే లోపు కెమెరా జరిగిపోతే దూలం ఒరిగిపోతుంది. ఆ తర్వాత యాత్రంతా కెమెరా తిప్పడం మానేశాను. ఒకచోట నిలబడి, మనుషులే చట్రంలోకి వచ్చి వెళ్ళేదాకా ఆగేవాణ్ణి.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఫోటో తీసేవాడి కన్ను ఒక క్షణం కోసం కాచుకుంటుంది. కూలీ బుట్ట సర్దుకుంటూ తల ఎత్తాడా, టక్కుమని నొక్కాలి. వీడియోలో ఆ క్షణానికి ముందూ వెనకా కూడా కావాలి. నేను వీడియో తీస్తున్నంతసేపూ మంచి ఫోటో పోయిందని, ఫోటో తీస్తున్నంతసేపూ వీడియో పోయిందని బాధపడ్డాను. రెండూ ఒకే మీటతో చేయగలనని చెప్పే కెమెరా ఈ బాధ గురించి ఎక్కడా చెప్పదు.

రెండో రోజు ట్రాము. 1873లో గుర్రాలు లాగిన ట్రాములు 1902 నుంచి కరెంటుతో నడుస్తున్నాయి. ఇప్పుడు మిగిలిన దారులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఎస్ప్లనేడ్‌లో ఎక్కేముందు, పక్క వీధిలో ఉన్న బౌర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో భవనం చూడ్డానికి వెళ్ళాం. 1860లలో మొదలైన స్టూడియో అది. 1991లో అగ్నిప్రమాదంలో పాత నెగెటివ్‌లు చాలావరకు పోయాయి, 2016లో తలుపులే మూతపడ్డాయి. భవనం ముందు నిలబడి ఫోటో తీసుకున్నాం, అంతకన్నా చేయగలిగింది లేదు.

కాలేజ్ స్ట్రీట్ దాకా ట్రాములో నేను తీసిన వీడియో కదులుతూ ఊగుతూ పనికిరాకుండా పోయింది. దాని శబ్దం మాత్రం బంగారం. డ్రైవరు కాలితో తొక్కే గంట, పట్టాల మలుపులో చక్రాల కీచు, కండక్టరు చేతిలో చిల్లర. అప్పటినుంచి మైకు చిల్లుల మీద గాయాలకు వేసే పట్టీ అంటించాను. పడవ మీద హోరుగాలిలో కూడా అది కాస్త ఆదుకుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆ పడవలోనే శోభాబజార్ రేవులో దిగి, నడుచుకుంటూ మట్టి విగ్రహాలు చేసేవాళ్ళ పేట కుమార్‌టులికి వెళ్ళాం. అక్కడివాళ్ళ సరస్వతీ పూజ మన బాసరలో అక్షరాభ్యాసాలు జోరుగా జరిగే వసంత పంచమినాడే. సందులన్నీ తెల్లటి సరస్వతులే. కొన్నింటికి ఇంకా తలలు లేవు, కొన్ని వెదురు, గడ్డి దశలోనే ఉన్నాయి. ఒక కొట్టులో పెద్దాయన విగ్రహానికి కళ్ళు దిద్దుతున్నాడు. చక్షుదానం అంటారట. "దాదా, తీయవచ్చా?" అని హిందీలో అడిగితే తల ఊపి, చప్పుడు చేయొద్దని వేలితో చూపాడు. నా కెమెరాలో ఫోటో తీస్తే అద్దం ఠక్కుమంటుంది. వీడియో అయితే నిశ్శబ్దం. సరే అని వీడియో పెట్టాను.

తెరమీద బొమ్మ నిండా నల్లటి అడ్డ పట్టీలు పాకాయి. మన కరెంటు యాభై హెర్ట్జ్, దీపం సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది. దారిలో ఎప్పుడో నా షట్టర్, కరెంటు అరవై హెర్ట్జ్ ఉండే అమెరికా పద్ధతిలో అరవయ్యో వంతుకు మారిపోయింది, నేను చూసుకోలేదు. యాభైకి మార్చగానే పట్టీలు పోయాయి. ఈలోపు ఆయన కుంచె నల్లరంగులో ముంచి, దాని మొనను నాలుక మీద కాకుండా బొటనవేలి గోరుమీద సన్నగా చేసి, ఊపిరి బిగబట్టి కనురెప్ప గీత లాగాడు. చిటికెన వేలు విగ్రహం చెంపకు ఆనింది. గీత పూర్తయ్యాక ఊపిరి వదిలాడు. అది కూడా మైకులో పడింది. ఆ తర్వాత నల్లగుడ్డు, చివర్న దానిలో తెల్లటి చుక్క. ఆ చుక్కతో మట్టి ముఖం మమ్మల్ని చూసింది.

ఆయన రెండో కంటికి కుంచె ముంచాడు. నా తెర నల్లబడింది. వీడియోకు తెర మొత్తంసేపు వెలుగుతూనే ఉండాలి, పాత బ్యాటరీ ఎంతని తట్టుకుంటుంది! రెండోది హోటల్లో చార్జింగ్‌లో ఉంది.

ఇంటికొచ్చాక టీవీకి తగిలించి చూపిస్తే అమ్మ వంతెన దగ్గర కునికింది, ట్రాము దగ్గర లేచింది, కుమార్‌టులి దగ్గర కళ్ళజోడు సవరించుకుంది. అయిపోగానే "రెండో కన్ను ఏదిరా?" అంది. బావమరిది జేబులోంచి చిన్న కెమెరా తీసి ఆవిడ చేతికిచ్చాడు.