బెంజీన్ తగ్గిందన్న కాగితం చాలదు

40 మిల్లీలీటర్ల సీసాను అంచు దాకా నింపి, నీరు మూతి మీద గుమ్మటంలా ఉబ్బి నిలిచినప్పుడు మూత బిగించి, తలకిందులు చేసి అరచేతిలో రెండుసార్లు తట్టి చూడటం, భూగర్భ జలంలో కాలుష్యాన్ని కొలిచే ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పని. లోపల బఠాణీ గింజంత బుడగ కనిపించినా ఆ నమూనాను పారబోసి మళ్ళీ పట్టవలసిందే, ఎందుకంటే నీటిలోని బెంజీన్, అంటే పెట్రోలులో ఉండి ఇట్టే ఆవిరయ్యే విషపదార్థం, ఆ గాలిలోకి చేరుతుంది, ప్రయోగశాల చెప్పే అంకె ఆ మేరకు తగ్గుతుంది. అమెరికాలో తాగునీటికి బెంజీన్ పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే కాబట్టి ఈ చాదస్తం అవసరం.

మా ఊళ్ళో బోరు వేస్తే ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడ్డాయని అడుగుతారు గానీ, ఆ నీటి మీద ఏమి తేలుతోందని ఎవరూ అడగరు. నేను ఇక్కడ అమెరికాలో కొన్నేళ్ళు పరిశీలించిన ఒక పాత పెట్రోల్ బంకులో మాత్రం ఆ రెండో ప్రశ్నే ముందు వచ్చేది. భూమిలో పాతిన ట్యాంకు కారి, పెట్రోలు నీటి మట్టం దాకా దిగి, పలచని పొరగా తేలుతూ ఉండేది. నమూనాల కోసం వేసిన బావిలోకి, కొన వద్ద సెన్సరున్న కొలత టేపు దించితే పెట్రోలు తగిలినప్పుడు ఒక మోత, నీరు తగిలినప్పుడు మరో మోత వినిపిస్తుంది. ఆ రెండు లోతుల మధ్య తేడాయే పొర మందం. వానల తరువాత మట్టం పెరిగితే ఆ పొర మాయమయ్యేది. నిజానికి పెట్రోలు ఎక్కడికీ పోలేదు, మట్టి రేణువుల సందుల్లో నీటి అడుగున చిక్కుకుంది; మట్టం దిగగానే మళ్ళీ బావిలోకి చేరేది. అందుచేత ఆ రోజు నీటి మట్టం ఎంతో రాయని ఫలితాల పట్టికను నేను నమ్మను.

అక్కడ భూగర్భ జలంలోకి అడుగు నుంచి గాలి ఊది శుద్ధి చేశారు. బ్లోయరు నడిచినన్నాళ్ళూ బావులన్నీ శుభ్రంగానే కనిపించాయి. ఊదిన గాలి ఆ బావులనే దారిగా చేసుకుని పైకి వస్తోందేమో, మేము పడుతున్నది చుట్టూ ఉన్న మట్టిలోని నీరు కాదేమో అన్న అనుమానం మాకు రాలేదు. యంత్రం ఆపిన కొన్ని నెలలకు బెంజీన్ మళ్ళీ పరిమితి దాటింది. శుద్ధి ముగిసిందని రాసిన నివేదికలో నా సంతకం కూడా ఉంది.

తగ్గిన బెంజీన్ ఏమైందన్న ప్రశ్నకు నాకు దారి చూపింది మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జీ. 1979 ఆగస్టులో అక్కడ ముడి చమురు గొట్టం పగిలింది. చాలా భాగం తోడేశారు గానీ, సుమారు 4 లక్షల లీటర్లు నేలలోనే ఉండిపోయాయి. 1983 నుంచి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ఆ చోటును విడవకుండా పరిశీలిస్తున్నారు. చమురును తినే సూక్ష్మజీవులు మొదట నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, అది అయిపోయాక మట్టి రేణువులకు అంటుకున్న ఇనుముతో శ్వాసిస్తాయి, అప్పుడా ఇనుము నీటిలో కరుగుతుంది, మరికొన్ని మీథేన్‌ను పుట్టిస్తాయి. కాబట్టి ఆక్సిజన్ పడిపోయి, కరిగిన ఇనుము, మీథేన్ పెరిగిన చోట బెంజీన్ తగ్గితే అది నిజంగా విచ్ఛిన్నమవుతోందని చెప్పడానికి ఆధారం ఉంటుంది. అవేవీ మారకుండా బెంజీన్ ఒక్కటే తగ్గితే వాన నీటితో పలచబడిందేమోనని చూసుకోవాలి. మా బంకు దగ్గర ఒక బావిలో తోడినప్పుడు తేటగా ఉన్న నీరు, బకెట్టులో కాసేపు నిలిచేసరికి తుప్పు రంగుకు తిరిగేది. చాలాకాలం దానిని మురికి అనుకున్నాను. అది నీటిలో కరిగి ఉండి, గాలి తగలగానే తుప్పుగా మారిన ఇనుమే.

బెమిడ్జీలో రెండు విషయాలు తరువాత బయటపడ్డాయి. మట్టిలో సూక్ష్మజీవులకు అందే ఇనుము తరిగిన కొద్దీ కలుషిత జలం మెల్లగా ముందుకు జరిగింది. ఆ ఇనుమును అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా కరిగి నీటిలోకి వచ్చి, కొన్ని బావుల్లో తాగునీటి పరిమితి అయిన లీటరుకు 10 మైక్రోగ్రాములను ఎన్నో రెట్లు దాటింది. అది చమురు తెచ్చిన విషం కాదు, ఆ మట్టిలో సహజంగా ఉన్నదే.

ఇది చదివిన తరువాత మా పరీక్షల జాబితాలో లోహాలకు ఒక సీసా చేర్చమని కోరాను. పెట్రోలుకూ ఆర్సెనిక్‌కూ సంబంధమేమిటని ఖర్చు భరించేవారు అడిగారు. తుప్పు రంగు నీరున్న బకెట్టును వారి ముందు పెట్టి వివరించాను. ఇప్పుడు ప్రతి మూడు నెలలకూ ఆ సీసా కూడా ఐసు పెట్టెలో వెళుతోంది.