మూత తీస్తే వైఫై లేదు

ఇవాళ రాద్దామనుకున్నది కంద బచ్చలి కూర గురించి. అత్తయ్య ఆవ పెట్టి చేశారు. రెండు పూటలా అదే వేసుకు తిన్నాను, ఎంత బావుందో చెప్పలేను. సరే, కూర సంగతి అయిపోయింది. అసలు గొడవకొస్తాను, లేకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

కొన్నాళ్ళుగా నా ల్యాప్‌టాప్ రాత్రి మూసి పొద్దున తెరిస్తే వైఫై ఉండటం లేదు. కనెక్టు కాకపోవడం కాదు, అసలు ఉండటమే లేదు. గడియారం పక్కన విసనకర్రలా విచ్చుకుని ఉండే గుర్తు పోయి భూగోళం బొమ్మ వస్తోంది. దాన్ని నొక్కితే అపార్ట్‌మెంట్లో అందరి నెట్‌ల పేర్లూ వరసగా రావాలి కదా, ఆ జాబితా లేదు. వైఫై అన్న బటనే లేదు. ఏరోప్లేన్ మోడ్ మాత్రం నిక్షేపంలా ఉంది. అదే సమయానికి ఇంట్లో అందరి ఫోన్లూ పనిచేస్తుంటాయి, హాల్లో టీవీలో అత్తయ్య సుప్రభాతం నెట్‌లోంచే వస్తూ ఉంటుంది.

ఇదంతా ఎప్పుడు? నేను లెక్కలు చూసే షాపుల జీఎస్టీ 3బి రిటర్నులకి (నెలనెలా పంపే పన్ను లెక్కలు) 20వ తారీఖు గడువు నెత్తి మీదున్నప్పుడు. మన షాపుల వాళ్ళ సంగతి తెలిసిందే, 18 దాకా బిల్లులు ఇవ్వరు, 19 రాత్రి వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపిస్తారు, అవీ అడ్డంగా. పొద్దున్నే లేచి కూర్చుంటే తప్ప అవదు. కూర్చుంటే భూగోళం.

మా ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే సలహా ఇచ్చారు. "రీస్టార్ట్ కొట్టు, అదే వస్తుంది."

వస్తుంది. నిజమే, రీస్టార్ట్ కొడితే వస్తుంది. కానీ రీస్టార్ట్ అంటే ఏమిటి? రాత్రి ఎక్కడ ఆపానో అక్కడ పరిచి పెట్టుకున్న ఎక్సెల్ షీట్లు, ట్యాలీ, బ్రౌజర్లో వరసగా తెరిచి ఉంచినవి, అన్నీ మూసి మళ్ళీ మొదటినించీ తెరవడం. పైగా మర్నాడు పొద్దున మళ్ళీ అదే కథ. ఎందుకు పోతోందో చెప్పకుండా, పోయినప్పుడల్లా ఇలా చెయ్యి అంటే దాన్ని సలహా అనరు. ఈ మాట పైకి అన్నాను కూడా. "నీకు పని కావాలా, కారణం కావాలా?" అన్నారు. నాకు రెండూ కావాలి. ఎందుకు వద్దు?

నెట్ కంపెనీకి ఫోన్ చెయ్యమన్నదీ ఆయనే. చేశాను. ఆ పాట ఎంతసేపు వినిపించారో అడగకండి. చివరికి ఒక అబ్బాయి దొరికాడు. "రూటర్ ఆఫ్ చేసి, ముప్ఫై సెకన్లు ఆగి ఆన్ చేయండి మేడమ్" అన్నాడు. బాబూ, ఇంట్లో మిగతావన్నీ పనిచేస్తున్నాయి, నెట్ తప్పు కాదు, నా ల్యాప్‌టాప్‌లో వైఫై బటనే కనపడట్లేదు అని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "అర్థమైంది మేడమ్, ఒకసారి రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నాడు. అది చెయ్యనిదే అతని కంప్యూటర్లో తర్వాతి పేజీ రాదనుకుంటాను. చేశాను. టీవీ ఆగిపోయింది. హాల్లోంచి అత్తయ్య, "ఏమ్మా, కరెంటు పోయిందా? ఫ్యాను తిరుగుతోందే!" చిన్నది ఆన్‌లైన్ క్లాసు మధ్యలోంచి "అమ్మా!" అని ఒక్క కేక. నా ల్యాప్‌టాప్ మాత్రం చలించలేదు. కంప్లైంటు నంబరు ఒకటి ఇచ్చి అబ్బాయి సెలవు తీసుకున్నాడు.

తమ్ముడికి బెంగళూరు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడు, వాడైనా కారణం చెప్తాడని. "రీస్టార్ట్ చేశావా అక్కా?" అన్నాడు. పెట్టేశాను.

మధ్యాహ్నం వాడే మెసేజ్ పెట్టాడు, కాస్త భయపడినట్టున్నాడు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లోకి వెళ్ళు, నెట్‌వర్క్ అడాప్టర్స్ అని ఉంటుంది, అందులో వైఫైది పట్టుకుని డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చెయ్యి అని. ఆ వైఫై పేరు పక్కన పసుపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం ఉంది. డిసేబుల్, ఎనేబుల్. వచ్చేసింది! ఏదీ మూయక్కర్లేదు, ఎక్సెల్ ఎక్కడిదక్కడే ఉంది. ఈ ముక్క పొద్దున్నే చెప్తే ఎవరి సొమ్ము పోయిందట?

కానీ అదీ ఉపశమనమే తప్ప మందు కాదు. మందు పక్కనే ఉంటుందిట. అదే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్, అందులో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతి ఇస్తూ ఒక టిక్కు. ఆ టిక్కు తీసేస్తే చాలామందికి పోతుందిట ఈ బాధ. చూశాను. నాకు ఆ ట్యాబే లేదు. నా అదృష్టం అలాంటిది.

అప్పుడు నిర్ణయించుకున్నాను, మూత మూసి నిద్రపుచ్చే ఈ స్లీపూ వద్దు, ఏమీ వద్దు. నాన్న పద్ధతే మేలని.

మా కాకినాడ ఇంట్లో కంప్యూటర్ కొన్నది తమ్ముడి కోసం. విండోస్ 98 రోజులు. ముందు గదిలో, గాలి వస్తే దుమ్ము వస్తుందని కిటికీ రెక్క ఒకటి ఎప్పుడూ మూసే ఉంచేవారు. దాన్ని ఆపడం రోజూ రాత్రి ఒక తంతు, అది నాన్న తప్ప ఇంకెవరూ చెయ్యకూడదు. ముందు తమ్ముణ్ణి కుర్చీలోంచి లేపేవారు. స్టార్ట్ నొక్కి (ఆపడానికి స్టార్ట్ నొక్కడమేమిట్రా అని ప్రతిసారీ ఒకే జోకు), షట్ డౌన్ ఇచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవారు. స్క్రీను నల్లబడి, మధ్యలో నారింజ రంగు అక్షరాల్లో, ఇప్పుడు మీ కంప్యూటర్ ఆపుకోవచ్చు, ప్రమాదం లేదు అని ఇంగ్లీషులో వచ్చేది. అది వచ్చేదాకా ఆయన కదిలేవారు కాదు. వచ్చాక సీపీయూ బటన్ తనే నొక్కాలి, ఆ పెట్టెలు వాటంతటవి ఆగేవి కావు. తర్వాత మానిటర్. తర్వాత యూపీఎస్, అది ఒక్కసారి కీచుమని అరిచేది. తర్వాత గోడ మీది స్విచ్చి. తర్వాత ప్లగ్గు పీకడం. తర్వాత మోడెమ్‌లోంచి టెలిఫోన్ తీగ పీకి మళ్ళీ ఫోనుకి తగిలించడం. పిడుగు పడితే ఆ తీగలోంచే వస్తుందని ఆయన నమ్మకం, అది ఒట్టి నమ్మకం కూడా కాదు, వానాకాలంలో మా వీధిలో మోడెములు అలా కాలిపోయినవాళ్ళున్నారు. అన్నీ అయ్యాక అమ్మ పాత కర్టెన్‌తో కుట్టిన గలీబు, మానిటర్‌కి ఒకటి, కీబోర్డుకి ఒకటి. పొట్టి కుచ్చులు కూడా కుట్టింది వాటికి, ఎందుకో.

ఒకసారి పరీక్షల ముందు తమ్ముడు తొందరలో నారింజ అక్షరాలు రాకుండానే బటన్ నొక్కేశాడు. మర్నాడు ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద డిస్కులో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్ మొదలై, ఒక పట్టాన తెమల్లేదు. నాన్న పక్కన స్టూలేసుకుని కూర్చుని, దాని పచ్చగీత అటు చివరిదాకా పాకేవరకూ కాఫీ కూడా తాగలేదు. వాణ్ణి ఏమీ అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ తగిలింది.

ఇప్పటికీ నాన్న ఫోన్ చేస్తే, "ప్లగ్గు తీసి పడుకుంటున్నావా?" అంటారు. తీస్తాను నాన్నా. ఛార్జర్, మిక్సీ, టీవీ, అన్నీ తీసే పడుకుంటాను. మా ఆయనకి ఇదొక వేళాకోళం.

సరే, నాన్న పద్ధతి. నిన్న రాత్రి మూత మూసి వదిలెయ్యకుండా పద్ధతిగా షట్ డౌన్ చేశాను. స్క్రీన్ నల్లబడింది, లైటు ఆరింది, ప్లగ్గు పీకాను. ఇవాళ పొద్దున ఆన్ చేశాను.

భూగోళం!

ఇక్కడ నా మతి పోయింది. నిద్రలోంచి లేవనిదంటే సరే, పూర్తిగా ఆపి పెట్టినదానికి ఏం రోగం? తమ్ముడు చెప్పాడు, ఈసారి ఓపిగ్గా. నువ్వు ఆపావనుకున్నావు కానీ అది ఆగలేదు అక్కా, అన్నాడు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటినించీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుందిట. షట్ డౌన్ ఇస్తే మన ప్రోగ్రాములు మూస్తుంది గానీ, లోపలి వ్యవస్థనీ, డ్రైవర్ల (వైఫై లాంటి లోపలి పరికరాలని నడిపించే ప్రోగ్రాములు) స్థితినీ ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసి దాచుకుంటుంది. పొద్దున ఆన్ చేస్తే కొత్తగా మొదలవ్వదు, దాచుకున్నది తీసి పరుస్తుంది. అంటే రాత్రి చెడినది పొద్దునకి చెడినట్టే ఉండొచ్చు. రీస్టార్ట్‌కి మాత్రం ఈ దాపరికం లేదు, అన్నీ దులిపి మొదటినించీ మొదలెడుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కితే కూడా నిజంగా ఆగుతుందిట.

కాబట్టి షట్ డౌన్ కన్నా రీస్టార్టే పెద్ద మందు. మా ఆయన మాటలో శాస్త్రం ఉంది. ఆయనకి ఆ శాస్త్రం తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా ఆయనకి కనపడదు, అది వేరే సంగతి. ఈ టపా ఆయన చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో చిక్కుముడి మిగిలింది. పగలు అరగంట మూసి తెరిస్తే వైఫై ఉంటుంది. రాత్రి మూస్తేనే పోతుంది. ఎందుకని? దానికి తమ్ముడు నల్ల కిటికీ (ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్) తెరిపించాడు. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేసిచ్చి, స్లాష్ ఏ అంటే ఈ యంత్రానికి ఏయే నిద్రలు వచ్చో చెప్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో ఎస్3 అని ఉండేది, మెమరీకి తప్ప మిగతా అన్నిటికీ దాదాపు కరెంటు ఆపేసేది. నాదాంట్లో అది లేదు, ఎస్0 ఉంది. మోడర్న్ స్టాండ్‌బై. స్క్రీన్ ఆరిపోయినా లోపల సన్నగా మెలకువే, మన ఫోన్ల పద్ధతి. ఇలాంటివాటిలోనే నాకు కావలసిన ఆ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ మామూలుగా కనపడదుట. ఒక ముడి విడింది.

రెండోది స్లాష్ స్లీప్‌స్టడీ. అది గత 3 రోజుల్లో ల్యాప్‌టాప్ ఎప్పుడు మెలకువగా ఉంది, ఎప్పుడు కునికింది, ఎంత బ్యాటరీ తాగింది అన్నీ ఒక పేజీలో వేసిచ్చింది. మూత వేశాక కొన్ని గంటలు స్టాండ్‌బై, బ్యాటరీ కాస్త తగ్గగానే తనంతట తనే హైబర్నేట్. అంటే మెమరీలోదంతా డిస్కు మీదకి దించి పూర్తిగా ఆరిపోవడం. ఫాస్ట్ స్టార్టప్ నడిచేదీ ఆ దారినే. పగలు ఛార్జర్ ఉంటుంది కాబట్టి అంతదూరం పోదు. రాత్రి ప్లగ్గు పీకేస్తాను కాబట్టి పోతుంది. హైబర్నేట్ లోంచి వచ్చాక వైఫై డ్రైవర్ తన చిప్‌ని లేపలేకపోతోంది. అంతే సంగతి.

"అయితే ప్లగ్గు తియ్యకు" అన్నారు మా ఆయన, గెలిచినట్టు. తీస్తాను. డ్రైవర్ రాసినవాడు సరిగ్గా రాయకపోతే నా అలవాటు నేనెందుకు మార్చుకోవాలి?

డ్రైవర్ వెనక్కి తిప్పే బటన్, రోల్ బ్యాక్, బూడిదరంగులో చచ్చిపడుంది, వెనక్కి పోవడానికి పాతది లేదన్నమాట. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నా మోడల్ నంబరు వెతికి, కొత్త డ్రైవర్ దింపి వేశాను. ఇది చేస్తూండగా వైఫై మళ్ళీ పోయింది, ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ (ఫోన్ నెట్‌నే కంప్యూటర్ వాడుకోవడం) పెట్టుకుని పూర్తి చేశాను. ఆ ఉపాయం మాత్రం నాదే, తమ్ముడు చెప్పలేదు.

పరీక్షకి ఇందాక కావాలనే హైబర్నేట్‌లోకి పంపి లేపాను. వైఫై వచ్చింది. ఒక్కసారికి నమ్మను. ఈ రాత్రి కూడా ప్లగ్గు పీకే పడుకుంటాను, పొద్దున చూద్దాం. అప్పటికీ రాకపోతే ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, రోజూ నిజంగా ఆపేస్తాను.

ఇప్పుడే నెట్ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించాం, మా ప్రతినిధికి అయిదుకి ఎన్ని మార్కులిస్తారు అని. పరిష్కరించారట! ఒకటి కొడదామని వేలు పెట్టి, ఆ అబ్బాయికి ఇంక్రిమెంటు దీని మీదే ఉంటుందేమోనని నాలుగు ఇచ్చాను. అయిదు ఇవ్వడానికి మాత్రం మనసొప్పలేదు, అత్తయ్య సీరియల్ కూడా పోయింది కదా మరి.