మా అమ్మాయికి రాదు

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా మా వీధి నిండా తెలుగిళ్లే. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. నాకొచ్చిన జబ్బు సంగతి రాద్దామని ఇదివరకు రెండుసార్లు కూర్చున్నాను కానీ చెయ్యి ఆడలేదు.

మొదట నీరసం వచ్చింది. ఎండల వల్లేమో అనుకున్నాను. తర్వాత నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో ఏదో బరువు. రాత్రిళ్లు చెమటకి పక్క తడిసిపోయేది. ఊళ్లో రక్తపరీక్ష చేయించాం. తెల్లకణాలు 11,000 దాటకూడదట, నాకు 2,14,000 ఉన్నాయి. ఆ కాగితం చూసిన డాక్టరు నా మొహం వైపు కూడా చూడలేదు. మా ఆయనతో ఒడియాలో అన్నాడు: "బ్లడ్ క్యాన్సర్. ఇంటికి తీసుకెళ్లి ఆవిడకి ఇష్టమైంది వండిపెట్టండి." నాకు ఒడియా రాదనుకున్నాడేమో. నేను ఒడియా బడిలోనే చదువుకున్నాను. ప్రతి మాటా అర్థమైంది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మా ఆయన పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని, మాకు వినపడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. ఒంటిగంట దాటాక నాకు ఎడమ పక్కటెముకల కింద పోటు మొదలైంది. ఊపిరి పీలిస్తే పొడిచినట్టయ్యేది. తెల్లారేదాకా ఉండననుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఒక పెళ్లికూతురి జాకెట్టుకి ఇంకా చేతులు అతకలేదని. ముహూర్తం మూడు రోజుల్లో ఉంది. లేచి లైటు వేసి మిషన్ ముందు కూర్చున్నాను. ఆ చప్పుడుకి మా అమ్మాయి లేచి వచ్చింది. అప్పుడు ప్లస్ టూ చదువుతోంది. "ఇప్పుడేటమ్మా?" అంది. నోటుపుస్తకం తెమ్మని, ఎవరి దగ్గర ఎంత రావాలో చెప్తూ రాయించాను. ఏడో పేరు దగ్గర ఆగిపోయింది. "ఇవన్నీ నాకెందుకు చెప్తున్నావు?" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. రెండు చేతులూ అతికించేసరికి కోడి కూసింది.

పొద్దున్నే బయల్దేరాం. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మకి దండం పెట్టుకుని విశాఖపట్నం వెళ్లాం. మూలుగ తీశారు, స్కానింగు చేశారు, వరండాలో రోజుల తరబడి కూర్చోబెట్టారు. మాది ఒడిశా రేషన్ కార్డు కావడంతో అక్కడి ఉచిత వైద్యం మాకు వర్తించలేదు. నా గొలుసు అమ్మేశాం.

అక్కడి డాక్టరమ్మ గారికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. నా జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే నెమ్మదిగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ అని, చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. ఏబీఎల్ అనే ప్రోటీన్ అందరి కణాల్లోనూ ఉంటుందట. పెరగమని, ఆగమని కణాలకి కబుర్లు మోసేవాటిలో అదొకటి. పని అవగానే ఊరుకుంటుంది. మన జన్యువులుండే పోగుల్ని క్రోమోజోములంటారట. నా మూలుగలో తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కా, ఇరవై రెండో దాని ముక్కా చోట్లు మార్చుకున్నాయి. ఏబీఎల్‌ని తయారుచేసే జన్యువు వెళ్లి బీసీఆర్ అనే ఇంకో జన్యువుకి అతుక్కుంది. ఆ అతుకులోంచి పుట్టిన ప్రోటీన్‌కి ఊరుకోవడం తెలియదు. తెల్లకణాలని పెరగమని అంటూనే ఉంటుంది.

"మోటారు మిషన్‌కి పెడల్ ఇరుక్కుపోయినట్టాండీ? ఒకసారి కాలు తీసేసినా సూది ఆడుతూనే ఉంది, గుడ్డంతా పాడైంది" అన్నాను.

"సరిగ్గా అదేనమ్మా" అన్నారు. ఆ ప్రోటీన్‌కి శక్తినిచ్చే ఏటీపీ కూర్చోవాల్సిన గూట్లో మాత్ర వెళ్లి కూర్చుంటుందట. కరెంటు అందకపోతే మోటారు ఆగినట్టే. మాత్ర పేరు ఇమాటినిబ్, రోజుకి 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్లతో.

తర్వాత మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపించింది. ఈ జబ్బులో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉంటుందని 1960లోనే ఫిలడెల్ఫియాలో చూశారట. అది రెండింటి మధ్య జరిగిన మార్పిడి అని జానెట్ రౌలీ అనే ఆవిడ 1973లో కనిపెట్టారు. మాత్ర 2001లో వచ్చింది. అసలు కంపెనీ మందు ఒకప్పుడు నెలకి లక్ష పైనే ఉండేది. 2013లో మన సుప్రీంకోర్టు దానికి పేటెంట్ ఇవ్వనక్కర్లేదని చెప్పబట్టే మన కంపెనీల మందు ఆగకుండా దొరుకుతోంది. ఆ జడ్జీలకి కూడా దండం పెట్టుకున్నాను.

రెండు నెలలు తిరక్కుండానే కణాలు మామూలుకి వచ్చాయి. పొద్దున్న కళ్ల కింద వాపు, రాత్రి పిక్కలు పట్టేయడం ఇప్పటికీ ఉన్నాయి. ఏడాదికి ఆ పాడు జన్యువు 0.1 శాతం లోపుకి రావాలన్నారు, నాది 0.06 వచ్చింది. ఇదే జబ్బున్నవాళ్లకి ఒకటే చెప్తాను. బాగుందని మాత్ర మానేయకండి. డాక్టరుకి చెప్పకుండా పసరు మందులు తాగకండి.

ఇంక మా పెద్దాడపడుచు మాట. నేను మంచం మీద ఉండగా, మా అమ్మాయి వింటుండగా అంది: "తల్లి రక్తమే కదా దానికీ. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి బయటపెట్టకండి." ఆ రోజు నుంచి నా పిల్ల తన ఎడమ డొక్క నొక్కి చూసుకునేది. నేను కళ్లారా చూశాను. డాక్టరమ్మ గారిని అడిగితే, ఇది పుట్టాక మూలుగలో ఒక్క కణంలో జరిగిన తప్పు, పిల్లలకి పోదు అని చెప్పారు. ఆ మాటే కాగితం మీద రాయించుకుని మా ఆడపడుచుకి తీసుకెళ్లి ఇచ్చాను. మడిచి దేవుడి గూట్లో పెట్టింది, చదవలేదు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

మా అమ్మాయి ఇప్పుడు బరంపురంలో నర్సింగ్ చదువుతోంది. సంబంధం మాట వచ్చిన మొదటి రోజే వాళ్లకి ఈ జబ్బు సంగతి నేనే చెప్తాను.